ఇసుక సర్దుకునే చప్పుడు

తూదా ఇసుకతో చేసిన దవడలో మూడో పన్ను గుచ్చుతుండగా గోడ అవతల బావగారి దగ్గు వినిపించింది. దగ్గు తర్వాత నడక. పెరట్లో ఈ కొసనుంచి ఆ కొసకి, మళ్ళీ వెనక్కి. నెల దాటింది, హమ్మూ కంటిమీద కునుకు లేకుండా ఇలా తిరగడం. గోడకి ఇవతల తమ్ముడి పెళ్ళాం, అవతల అన్న. ఇద్దరికీ నిద్ర లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఒకరితో ఒకరు అనరు.

పన్ను నిజమైనదే. ఎర్రకొండ లోంచి వచ్చిందే. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ పెద్ద ఏరు పారిందనీ, పడవలంత మృగాలు అందులో చేపలు తిని బతికాయనీ చదువుకున్నవాళ్ళు చెబుతారు. ఇప్పుడు చేప మాట దేవుడెరుగు, తాగే నీళ్ళు ట్యాంకరులో వస్తాయి. పన్ను నిజమైనదే గానీ దవడ మాత్రం తూదా చేతి పని. జల్లించిన ఎర్ర ఇసుకలో జిగురు పోసి ముద్దచేసి, ఎముక పెచ్చులు కలిపి, పళ్ళు వరసగా గుచ్చి, తడి కుంచెతో అంచులు పూడ్చి ఎండబెడితే సాయంత్రానికి రాయిలా గట్టిపడుతుంది. పగులు ఎక్కడుందో చేసినవాళ్ళకే తెలియదు. ఆ కొండలో దవడ దవడగా దొరకడమనేది జన్మంతా తవ్వినవాడికి కూడా రాసిపెట్టి ఉండదు. ఏరు కొట్టుకొచ్చి పారేసిన చెత్త అది, పళ్ళు విడివిడిగా, ఎముకలు ముక్కలుగా దొరుకుతాయి. సంతకు వచ్చే విదేశీయులకి మాత్రం దవడే కావాలి. కావాలన్నవాడికి లేదని చెప్పడం ఈ ఊళ్ళో ఇంకా ఎవరూ నేర్చుకోలేదు.

మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు తెల్లబట్టలో ఇంటిపట్టున ఉండాలి. ఆ తెలుపు మీద జిగురు పడకుండా తూదా నడుముకి గోనెపట్టా కట్టుకుంది.

తోటికోడలు ఇత్తో వేడి రొట్టె పట్టుకొచ్చి గడప మీద కూలబడింది.

"తిను. నిన్న పెట్టింది కూడా అట్టానే ఉంది."

"తింటాలే అక్కా."

"తింటాలే అని నెలనించీ చెప్తా ఉండావు. నీ రొట్టెలు తిని మా మేక బలిసింది. నువ్వేమో పుల్లలాగా అయినావు." ఇత్తో రొట్టె విరిచి ఆమె చేతిలో పెట్టింది. "కొండ మీదికి కాసాబ్లాంకా నించి జనం దిగినారంట. ఒక ఆడ ప్రొఫెసరు, కూలీలు, లారీడు దుంగలు, ఇనప జాకీలు. యాడో మృగం వెన్నెముక కనపడిందంట. పైకప్పు దాని మీద పడకుండా లోపలంతా పెళ్ళిపందిరి మాదిరి దుంగలు పాతుతా ఉండారంట."

తూదా చేతిలో కుంచె ఆగింది. "దుంగలా?"

ఇత్తో నాలుక కరుచుకుంది. కానీ మాట జారితే ఇంకేముంది.

తూదా మొగుడు జాయిద్ బొరియ కూడా ఆ కొండలోనే ఉంది. ఈ ఊరి మగవాళ్ళ బొరియలు ఎలా ఉంటాయో అలాగే ఉంటుంది. పైన సున్నపురాయి, కింద ఎర్ర ఇసుకరాయి, ఆ ఇసుకరాయిలో గులకరాళ్ళ పొర వెంబడి మనిషి బోర్లా పడుకుని పాకేంత కన్నం. లోపల ఒక్క దుంగ ఉండదు. దుంగ కొనగలిగినవాడు ఆ కొండలోకి ఎందుకు దూరతాడు? ఆ రోజు జాయిద్ లోపల ఉండగా బొరియ కూలి, నోట్లోంచి ఎర్రదుమ్ము పొగలా వచ్చింది. ఊరంతా పరుగెత్తింది. అందరికంటే ముందు దూరినవాడు హమ్మూ. పొద్దుగూకేదాకా తవ్వారు, మర్నాడు మళ్ళీ తవ్వారు. తవ్వుతుంటే కప్పు రెండోసారి కూలింది. హమ్మూని కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చారు. అప్పుడు తూదా రాతికి చెవి ఆనించింది. టక్. కాసేపాగి మళ్ళీ టక్.

"కొడతా ఉండాడు," అంది.

హమ్మూ చెవి పెట్టాడు. ముసలి మూలూద్ చెవి పెట్టాడు. కూలిన బొరియ రోజుల తరబడి అలా చప్పుడు చేస్తుందని తవ్వేవాడన్న ప్రతివాడికీ తెలుసు. లోపల ఇసుక జారి, గులకరాయి రాయికి తగిలి, అచ్చం ఎవరో తలుపు తట్టినట్టే ఉంటుంది. ఆ చప్పుడు నమ్మి లోపలికెళ్ళి తిరిగిరానివాళ్ళు కూడా ఉన్నారు.

"ఇసుక సర్దుకుంటా ఉంది," అన్నాడు హమ్మూ.

కొండలోనే తల నెరిసిన చెవులు ఒకవైపు, కొండ లోపల కాలు పెట్టని ఆడదాని చెవి ఒకవైపు. ఎవరి మాట చెల్లుతుందో చెప్పక్కర్లేదు. కప్పు కూలి చచ్చినవాడు షహీదు, అమరుడు అన్నారు, స్నానం కూడా అక్కర్లేదన్నారు, శవం లేకుండానే నమాజు చదివారు. బొరియ నోటికి రాళ్ళు పేర్చి వచ్చేశారు.

ఆ తర్వాత తూదా అడగని మనిషి లేడు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాయన "ఆ బొరియకి పర్మిషను ఉందా?" అన్నాడు. లేదంది. "పర్మిషను లేని బొరియ మా లెక్కలో లేదమ్మా. లెక్కలో లేనిది కూలడమేంటి?" అన్నాడు. మనిషిని మట్టిలోంచి తీసి మట్టిలోనే పెట్టమని ఆమె అడిగేది. వినడానికి పిచ్చిగానే ఉంటుంది. కానీ ఆయన ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో తెలియకుండా ఆమెకి ముద్ద దిగడంలేదు. రాతికి ఆనించిన చెవిని దిండుకి ఆనించి పడుకుంటే ఇప్పటికీ టక్ మంటూనే ఉంది.

ప్రొఫెసరమ్మ రెండ్రోజుల తర్వాత తానే ఊళ్ళోకి వచ్చింది. ఎవరిళ్ళలో ఏమేం ఎముకలున్నాయో చూడాలట. పేరు గిజ్లాన్, ఊరివాళ్ళకి లల్లా, అంటే అమ్మగారు. నలభై ఏళ్ళుంటాయి, తలమీద మగవాళ్ళ టోపీ, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి. తల్లి మన కొండలవైపు మనిషే కాబట్టి మన మాట తడబడుతూనైనా మాట్లాడుతుంది. ఆమె కూలీలకి మాత్రం అరబ్బీ తప్ప ముక్క రాదు, ఊరికేమో అరబ్బీ రాదు.

తూదా ఆరబెట్టిన దవడని ఆమె రెండు చేతులా ఎత్తి ఎండలో తిప్పి చూసింది.

"చాలా బాగా చేశావు. అదే నా బాధ," అంది. "ఈ పన్ను మొసలిది. పక్కది చేపలు తినే పెద్ద మృగానిది. రెండింటినీ ఒకే నోట్లో పెట్టావు."

"ఆకలేసినోళ్ళు ఒకే కంచంలో తింటారు లల్లా."

గిజ్లాన్‌కి నవ్వొచ్చింది గానీ మాట వదల్లేదు. "చూడు తూదా. పన్ను ఎక్కడ దొరికింది, ఏ పొరలో, ఏ పక్కకి తిరిగి ఉంది, అదే దాని కథ. ఆ సంగతి పోయిందంటే ఇక మిగిలేది రాయే. మీరేమో పగులన్నది కనపడకుండా పూడ్చేస్తారు. పగులు కూడా నిజమే కదా."

తూదా అడగాల్సింది వేరే ఉంది, అది అడిగింది. ఆ దుంగలు ఒక్క వారం. ఒక్క బొరియకి.

గిజ్లాన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఊరి సంగతి ఆమె చెవిన పడే ఉంది. "నాకిచ్చిన అనుమతి ఆ వెన్నెముక చుట్టూ ఉన్న చోటుకే. ఇంకెక్కడ గడ్డపార వేసినా నన్ను వెళ్ళగొడతారు. నా కూలీల ప్రాణాలకి నేను పూచీ. అక్కడ ఏదైనా అరుదైన ఎముక ఉందంటే పైకి చెప్పి అనుమతి తెప్పించొచ్చు. మనిషి కోసమంటే అది నా పని కాదు, పోలీసులది."

అన్నాక గానీ తను ఏమందో ఆమెకే అర్థమైనట్టు లేదు. ముఖం కందిపోయింది.

"మా ఆయనకీ ఎముకలు ఉండాయి లల్లా," అంది తూదా.

గిజ్లాన్ లేచి, చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు తడుముకుని, వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక తూదా తలుపు గడియ వేసి లోపలి గదిలో బార్లీ కుండ దగ్గర కూర్చుంది. భుజం దాకా చేయి పెట్టి గింజల అడుగునుంచి ఒక మూట పైకి లాగింది. జాయిద్ తలపాగా గుడ్డ. అందులో ఒక దవడ. బొరియ కూలడానికి కొద్దిరోజుల ముందు పొట్టకి కట్టుకుని తెచ్చాడు. జానెడు పైన పొడవు, పళ్ళు ఇంకా గూళ్ళలోనే ఉన్నాయి, ఒక పన్ను వెనక పిల్ల పన్ను పైకి వస్తూ ఆగిపోయింది. "దీనికి జిగురు పెట్టమాక. ఇది మనం చేసింది కాదు, పుట్టినప్పుడే ఇట్టా పుట్టింది," అన్నాడు, పసిబిడ్డని చూపించినట్టు. ఎవరికి చూపించాలో మాత్రం ఇద్దరికీ తోచలేదు. ఈ ఊరివాడు దవడ చూపించి ఇది నిజమైనదంటే సంతలో కుక్క కూడా నవ్వుతుంది. నమ్మేవాడు ఎప్పుడో ఒకప్పుడు రాకపోతాడా అని జాయిద్ రోజూ పడుకోబోయే ముందు దాన్ని తుడిచి మళ్ళీ గింజల్లో పెట్టేవాడు.

ఇప్పుడు దీన్ని ప్రొఫెసరమ్మ చేతిలో పెడితే నమ్ముతుంది. చూడగానే నమ్ముతుంది. సంబరంగా గుడ్డలో చుట్టుకుని కాసాబ్లాంకా పట్టుకుపోతుంది. దవడ చేతికొచ్చాక ఖాళీ బొరియతో ఆమెకేం పని?

తూదా గడపరాయి మీద గోనె పరిచి దవడని దానిమీద పెట్టింది. ఎముకని ఎక్కడ కొట్టకూడదో జాయిద్ నేర్పాడు. ఉలి మొన సరిగ్గా అక్కడ ఆనించింది. మొదటి దెబ్బకి ఉలి జారింది. రెండో దెబ్బకి దవడ రెండైంది. విరిగినచోట లోపల నల్లగా, తేనెపట్టు గదుల్లా, ఇంతవరకు వెలుతురు చూడని ఎముక. నమాజు చదివిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. గోడ అవతల నడక ఆగింది. ఆమె తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకుంది. కాసేపటికి నడక మళ్ళీ మొదలైంది.

ఒక సగం మళ్ళీ బార్లీలోకి పోయింది. రెండో సగం పట్టుకుని మర్నాడు పొద్దున్నే తూదా కొండెక్కింది, తెల్లబట్టతోనే. దారిలో ఆడవాళ్ళు చూసి నోరు నొక్కుకున్నారు. గడువు తీరకుండా ఆఫీసులు తిరిగింది చాలక కొండ కూడా ఎక్కే విధవని గురించి అనాల్సినవన్నీ ఆమె ఏటవాలు దాటకముందే అనేసుకుని ఉంటారు.

గిజ్లాన్ గుడారం నీడలో బల్ల మీద ఏదో కొలుస్తోంది. తూదా గుడ్డ విప్పింది. గిజ్లాన్ ముందు ఆ ముక్కని ముట్టుకోలేదు. వంగి చూసింది. భూతద్దం తెచ్చి చూసింది. పళ్ళ గూళ్ళలో సూదితో గీరి, జిగురు లేదని తేల్చుకుంది. ఆఖరికి విరిగిన అంచుకి నాలుక ఆనించింది. నిజం ఎముకైతే నాలుకని పట్టుకుంటుంది. పట్టుకుంది.

"మిగతా సగం?" అంది. గొంతు మారిపోయింది.

"బొరియలో ఉంది. సగం చేతికొచ్చింది, సగం రాయిలో ఉంది, రేపు తెస్తా అని మా ఆయన చెప్పినాడు. మర్నాడే కూలింది."

గిజ్లాన్ ఆమె కళ్ళలోకి చూసింది. "నిన్న నువ్వు అతని కోసం అడిగితే నేను కుదరదన్నాను."

"ఇయ్యాళ నేను ఆయన కోసం అడగడంలేదు లల్లా."

అనుమతి మర్నాటి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. నెలరోజులు ఆఫీసుల గుమ్మాల దగ్గర తెల్లబట్టతో నిలబడినా కదలనిది, ఒక విరిగిన దవడ ఫొటో వెళ్ళగానే కదిలింది. పర్మిషను లేని ఆ బొరియ హఠాత్తుగా లెక్కలోకి కూడా వచ్చింది, దానికి ఒక నంబరు ఇచ్చి కర్రకి బిళ్ళ కట్టారు.

కూలీలు నోటికి పేర్చిన రాళ్ళు తీశారు. ఒక బార తవ్వడం, రెండు దుంగలు నిలబెట్టడం, పైన పలక వేసి జాకీతో బిగించడం, మళ్ళీ ఒక బార. తవ్విన ఇసుకంతా జల్లెడ పడుతున్నారు, పన్ను ముక్క కూడా పోకుండా. ఊరి మగవాళ్ళు ఎదురుగా గట్టు మీద టీ కెటిల్ పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. సిగ్గో కోపమో వాళ్ళకే తెలియదు.

"ఏం లేదురా," అన్నాడు ముసలి మూలూద్. "మనం తొందరపడి నిన్నా మొన్నా చస్తా ఉండాం. ఓపిగ్గా పది కోట్ల ఏళ్ళు ఆగితే మనకీ దుంగలు పెడతారు."

ఒకడు టీ గ్లాసు పారబోసి మళ్ళీ నింపుకున్నాడు.

హమ్మూ మాత్రం గట్టు మీద వాళ్ళతో కూర్చోలేదు. దూరంగా, బొరియకి వీపు పెట్టి, ఒక రాయి మీద కూర్చున్నాడు. పొద్దున వచ్చేవాడు, చీకటి పడితే లేచేవాడు. తూదా ఆయనకి రొట్టె తీసుకెళ్ళి పక్కన పెట్టింది.

"ఎముక కోసం తవ్వుతా ఉండారు," అన్నాడు ఆయన, ఆమెవైపు చూడకుండా. "నేను తమ్ముడి కోసం తవ్వలేకపోయినా."

"నువ్వు తవ్వినావు బావా. కాళ్ళు పట్టి ఈడ్చినారు."

"ఈడ్చినాక మళ్ళీ పోవచ్చు గదా. పోలేదు. పిల్లలు గుర్తుకొచ్చినారు. నువ్వు చెవి పెట్టి చెప్పినావు, నేను ఇసుక అన్నా." ఆయన రొట్టె చేతిలోకి తీసుకుని తినకుండా నలుపుతున్నాడు. "ఇసుకేనా తూదా? రోజూ అదే అడుక్కుంటా ఉండా. ఇసుకే అయ్యుంటదా?"

"లోపలికి పోయినోళ్ళు చెప్తారులే," అంది తూదా. ఏం చెబుతారో ఆమెకీ తెలియదు.

నాలుగోరోజు ఎండ నడినెత్తికి వచ్చేవేళ లోపల్నుంచి ఒక కూలీ వెనక్కి పాక్కుంటూ వచ్చి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి, ప్రొఫెసరమ్మ చెవిలో ఏదో చెప్పాడు. గట్టు మీద మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. శవం మోసే పలక కోసం హమ్మూ, మరో ఇద్దరు మసీదు వైపు పరుగెత్తారు. గిజ్లాన్ తలకి దీపం కట్టుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది. టోపీ లేదు, మోకాళ్ళ దాకా ఎరుపు. ఎవరితోనూ మాట్లాడకుండా తూదా చేయి పట్టుకుని జీపు వెనక్కి తీసుకెళ్ళింది.

"దొరికాడు," అంది. తర్వాత, "దవడ మిగతా సగం మాత్రం అక్కడ లేదు," అంది.

"లేదు లల్లా. మా బార్లీ కుండలో ఉంది."

గిజ్లాన్‌కి కాసేపటికి గానీ అర్థం కాలేదు. "నువ్వే విరగ్గొట్టావా?"

"నేనే."

"అలాంటిది ఈ కొండలో..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. జీపు చక్రానికి ఆనుకుని నేలమీద కూర్చుంది. తిడుతుందనుకుంది తూదా. ఆమె తిట్టలేదు. చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"యాడున్నాడు?" అంది తూదా ఎదురుగా కూర్చుని. "ఏ పక్కకి తిరిగి ఉన్నాడు? నువ్వే చెప్పినావు గదా, అదే కథ అని. ఆ కథ చెప్పు."

"వద్దు తూదా."

"చెప్పు."

గిజ్లాన్ చెప్పింది. తన పని చెప్పినట్టే, వరసగా, తల వంచుకుని చెప్పింది. "కూలినదాని కింద లేడు. దానికి అవతల ఉన్నాడు. అక్కడ బొరియ కొంచెం వెడల్పుగా ఉంది, కప్పు చెక్కుచెదరలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ముఖం ఇటువైపే. చెప్పులు విప్పి జోడుగా పక్కన పెట్టుకున్నాడు. నీళ్ళ డబ్బా బోర్లించి ఉంది. కూలిన ఇసుకని లోపలివైపు నుంచి తవ్వి వెనక కుప్పపోశాడు."

"ఎంత కుప్ప?"

"పెద్దది. ఒక రోజులో అయ్యేది కాదు." గొంతు సవరించుకుంది. "సుత్తి పిడి చీలిపోతే చొక్కా చింపి చుట్టి మళ్ళీ కొట్టాడు. గోడ రాతి మీద ఒకేచోట కొట్టీ కొట్టీ గుంట పడింది."

"మావాళ్ళు ఆగిపోయిన చోటికీ ఆయన తవ్వినదానికీ మధ్య ఎంత?"

గిజ్లాన్ తలెత్తలేదు. "మనిషి పడుకుంటే పట్టేంత."

తూదా అరవలేదు. గుండెలు బాదుకోలేదు. నెలరోజులుగా తన చెవికి పిచ్చెక్కిందనుకుంది. ఆ పిచ్చే నయమని ఇప్పుడు తెలిసింది. తను రాతికి చెవి పెట్టినప్పుడు ఆయన అవతల కొడుతున్నాడు. చేయి పట్టి లేపితే తను లేచింది. ఇంటికి నడిచింది. నమాజు చదువుతుంటే ఏడవకుండా నిలబడింది. అప్పుడు కూడా ఆయన కొడుతూనే ఉండి ఉంటాడు. ఊరి మగవాళ్ళని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి జుట్టు పట్టుకుని ఆ గుంట దగ్గరికి ఈడ్చుకెళ్ళాలనిపించింది. చూడండి ఇసుక ఎలా సర్దుకుందో అని చూపించాలనిపించింది. ఆ కోపం ఒంట్లో సుడి తిరిగి, పోవడానికి దారి లేక అక్కడే ఉండిపోయింది.

కింద దారిలో పలక మోసుకుంటూ హమ్మూ వస్తున్నాడు. అందరికంటే ముందు. పరుగులాంటి నడక, మధ్యమధ్య దగ్గుకి వంగిపోతున్నాడు.

"లల్లా," అంది తూదా. "నీ కూలీలకి మా మాట రాదు. నువ్వు చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలీదు."

"అతని అన్నకి తెలియొద్దా?"

"ఆయనకే తెలియకూడదు. కూలే కప్పు కింద మెడ పెట్టి తవ్వినాడు. ఇసుక అన్నది కూడా ఆయనే. ఈ మాట విన్నాడంటే రేపు పొద్దున ఆయన్ని బావిలోంచి తీయాలి."

"నేను అబద్ధం చెప్పను తూదా. నా వల్ల కాదు."

"అబద్ధం నేను చెప్తాలే. అది నా పని. నువ్వు ఊరికే ఉండు."

హమ్మూ పలక దించి నేరుగా బొరియ నోటి దగ్గరికి వచ్చాడు. తలపాగా బిగించుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నా తమ్ముణ్ణి నేనే తెచ్చుకుంటా. పరాయోళ్ళు ముట్టుకోవద్దు," అన్నాడు. దానికి ఎవరు అడ్డం చెబుతారు? ఇంత చేసిన తూదా, ఆయనే లోపలికి పోయి అన్నీ చూస్తాడని ఆలోచించలేదు. ఆయన తల అప్పుడే చీకట్లోకి వెళ్ళింది.

"ఆగండి," అంది గిజ్లాన్. గబగబా వచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది. "లోపలికి ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు. కప్పు కదులుతోంది. నా మనుషుల్నే వెంటనే బయటికి రమ్మన్నాను. వాళ్ళు తెస్తారు, మీరు ఇక్కడ అందుకోండి."

ఆమె ముఖం పాలిపోయింది. తన దుంగల మీద ఎవరైనా సందేహపడితే గంటసేపు లెక్కలు చెప్పే మనిషి. హమ్మూ ఆమెని చూశాడు, బొరియని చూశాడు, వెనక్కి జరిగాడు.

కూలీలు జాయిద్‌ని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. ఎండి, చాలా తేలికైపోయాడు. హమ్మూ రెండు చేతుల మీద అందుకుని, ఆ తేలికకి తూలి, మళ్ళీ నిలదొక్కుకున్నాడు. సాయంత్రం నమాజుకి ముందే శ్మశానానికి మోసుకెళ్ళారు. అప్పటికి గిజ్లాన్ దగ్గరుండి దుంగలు తీయించేసింది. ఆఖరి జాకీ వదలగానే బొరియ లోపల ఎక్కడో బరువుగా కూలింది, ఎర్రదుమ్ము ఒక్కసారి బయటికి వచ్చి ఆగింది.

ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. తూదా మిద్దె మీద నిలబడి వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసి కిందికి దిగేసరికి గిజ్లాన్ గుమ్మంలో నిలబడి ఉంది. తూదా లోపలికి వెళ్ళి బార్లీలోంచి రెండో సగం తీసుకొచ్చి ఇచ్చింది. గిజ్లాన్ రెండు ముక్కలూ అంచు అంచుకి చేర్చింది. వెంట్రుక పట్టే సందు లేకుండా కూర్చున్నాయి. పగులు మాత్రం నల్లగా కనపడుతూనే ఉంది.

"దీనికి జిగురు పెట్టకు," అంది గిజ్లాన్ మెల్లిగా.

"పెట్టనులే. ఆయన కూడా అదే చెప్పినాడు."

"ఎక్కడ దొరికిందని రాయను?"

"ఆయన బొరియలో దొరికిందని రాయి. ఎవరికి దొరికిందో కూడా రాయి."

గిజ్లాన్ ఆ మాట రాసుకుంది. తూదా నుదుటికి నుదురు ఆనించి, దవడ గుండెలకి హత్తుకుని జీపు ఎక్కింది.

శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు తలా ఒక ముద్ద తిని, దేవుడి మాట చెప్పి, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు. హమ్మూ పోలేదు. తూదా వాకిట్లో గోడ నీడన చతికిలబడ్డాడు. తూదా టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. చేతుల నిండా సమాధి మట్టి, గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"ఆయమ్మ నీతో చానాసేపు మాట్లాడింది," అన్నాడు.

"ఊఁ."

"యాడున్నాడంట?"

"కూలినదాని కిందే బావా. తల మీద పెద్దరాయి పడిందంట. పడింది కూడా తెలిసుండదు అనింది."

హమ్మూ గ్లాసులోకి చూస్తున్నాడు. "మరి ఆ రోజు నువ్వు విన్న చప్పుడు?"

మేక తాడు పొడుగున్నంత దూరం వచ్చి ఇద్దర్నీ చూసి ఆగింది. తూదా గోనెపట్టా మీది జిగురు పెచ్చు ఒకటి గోటితో గీరింది.

"ఇసుకే బావా," అంది. "నువ్వు చెప్పినట్టే. ఇసుక సర్దుకుంటా ఉన్న చప్పుడు."

హమ్మూ ఒక పెద్ద ఊపిరి వదిలాడు, నెలరోజులు లోపల బిగబట్టినది. తల గోడకి ఆనించాడు. టీ చల్లారకముందే నోరు తెరుచుకుని గురక పెట్టడం మొదలుపెట్టాడు. తూదా ఆయన వేళ్ళ సందునుంచి గ్లాసు మెల్లిగా తీసి పక్కన పెట్టింది. మేక అరవబోతే, ఆయన లేస్తాడని, పొద్దున ఇత్తో పెట్టిన రొట్టె విరిచి దాని నోటికి అందించింది.